ఇంజన్‌ను తిట్టేముందు పంకా చూడండి
(మా గ్రామీణ విలేఖరి)

ఉప్పాడ: వేట ముగించుకుని తిరిగి వచ్చే తెప్పకు నడిసంద్రంలో కంటె ఒడ్డు దగ్గరే గండం ఎక్కువ. వెనుక నుంచి కెరటం లేస్తున్నప్పుడు ఇంజన్ బలంగా తోయాలి. తోయకపోతే తెప్ప అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగితే బోర్లా పడుతుంది. అప్పుడు అందరమూ ఇంజన్‌ను తిడతాము. కాని చాలా సందర్భాలలో తప్పు ఇంజన్‌ది కాదని, దాని వెనుక తిరిగే పంకాదని ఈ విలేఖరి అభిప్రాయం.

సొంత అనుభవమే చెప్పవలసి వస్తున్నది. మా బావగారు రెండేళ్ళ క్రితం అప్పు చేసి 9.9 అశ్వశక్తి ఇంజన్ కొన్నారు. దుకాణం వారు పెట్టెలో వచ్చిన పంకానే బిగించి పంపారు. పడవ ఎంత పొడవు, అందులో ఎందరు ఎక్కుతారు, ఎంత వల వేస్తారు అని ఒక్క మాట అడగలేదు. ఖాళీ తెప్ప బాణంలా పోయింది. వలలు, ఐసు, నలుగురు మనుషులు ఎక్కేసరికి ఇంజన్ మూలగడం మొదలు పెట్టింది. ఆయిలు ఖర్చు పెరిగింది. రెండుసార్లు మెకానిక్కు డబ్బు పోసినా గుణం కనిపించలేదు.

చివరకు ఒక పాత మెకానిక్ పంకా మీద చెక్కిన అంకెలు చూపించాడు. 9¼ x 10 అని ఉన్నది. మొదటి అంకె పంకా వ్యాసం, అంగుళాలలో. రెండోది పిచ్. మర ఒక చుట్టు తిరిగితే చెక్కలోకి కొంత దూరం దిగుతుంది కదా, అలాగే పంకా ఒక చుట్టుకు నీటిలో ఎంత ముందుకు పోవాలో చెప్పే లెక్క అది. పది అంగుళాల పిచ్ అంటే చుట్టుకు పది అంగుళాలు. ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరిగి, గేరు వల్ల పంకా అందులో సగం, అంటే 2,500 చుట్లు తిరిగితే, కాగితం మీద గంటకు 38 కిలోమీటర్లు పోవాలి. నిండు బరువుతో ఉన్న మన తెప్ప అందులో సగం కూడా పోదు. నీరు చెక్కలా గట్టిది కాదు, జారిపోతుంది.

సైకిలు తొక్కేవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. బియ్యం బస్తా వేసుకుని ఎత్తు ఎక్కేవాడికి పెద్ద చక్రాల పళ్ళు పనికిరావు. పిచ్ ఎక్కువైన పంకా అటువంటిదే. తేలిక పడవకు వేగం ఇస్తుంది, బరువు పడవకు ఊపిరి ఆడనివ్వదు. పిచ్ తక్కువైతే తోపుడు బలం పెరుగుతుంది, పై వేగం తగ్గుతుంది. వల లాగే తెప్పకు, కెరటం దాటే తెప్పకు కావలసినది ఆ బలమే.

సరైన పంకా ఏదో తేల్చడానికి ఊహలు అక్కరలేదు. ప్రతి ఇంజన్ పుస్తకంలోనూ నిండు వేగంలో ఎన్ని చుట్లు తిరగాలో రాసి ఉంటుంది. మా బావగారి ఇంజన్‌కు 5,000 నుంచి 6,000. నిండు బరువుతో టాకోమీటరు పెట్టి చూస్తే 4,700 మాత్రమే వచ్చింది. పిచ్ ఒక అంగుళం తగ్గితే సుమారు 200 చుట్లు పెరుగుతాయి. ఎనిమిది అంగుళాల పంకా వేస్తే 5,100కు చేరింది. మూలుగు ఆగింది. ఖాళీ తెప్పతో కూడా చూడాలి. అప్పుడు 6,000 దాటితే పిచ్ మరీ తగ్గించినట్లు లెక్క. చుట్లు తక్కువైతే ఇంజన్‌పై భారం పడి వేడెక్కి మసి పడుతుంది, మితిమీరితే బేరింగులు దెబ్బ తింటాయి. రెండూ నష్టమే.

పంకా ఒక్కటే చూస్తే చాలదు. పంకాకు పైన ఉండే అడ్డపలక పడవ అడుగుకు సమానంగానో, ఒక అంగుళం దిగువగానో ఉండాలి. ఎక్కువ ఎత్తున బిగిస్తే పంకా గాలి పీల్చి, ఇంజన్ అరుస్తుంది తప్ప పడవ కదలదు. కొన్ని చిన్న ఇంజన్లలో పంకాకు ఒక పిన్ను ఉంటుంది. రాయి తగిలితే అది విరిగి గేరును కాపాడుతుంది. దాని స్థానంలో మేకు కొట్టేవారు కొందరున్నారు. మేకు విరగదు, గేరు విరుగుతుంది. కొత్త పంకా కొనేటప్పుడు లోపలి పళ్ళు మన ఇరుసుకు సరిపోతాయో లేదో సరిచూసుకోవాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజులలో ఒక పూట పంకా విప్పి చూడడం అవసరం. వెనుక వల దారం చుట్టుకుని ఉంటే అది సీలును కోసి, గేరు నూనెలోకి నీరు దింపుతుంది. నూనె మజ్జిగలా తెల్లబడితే నీరు చేరినట్లే. ఒంగిన రెక్కను సుత్తితో కొట్టి సరిచేశామనుకోవడం పొరపాటు. ఒక రెక్క తేడాగా ఉన్నా అదురు పుట్టి ఇరుసుపై పడుతుంది.

మన వారు ఒక మాట అంటారు: ముందు ఒడ్డుకు చేరినవాడికే చేపకు ధర, కాబట్టి వేగమే కావాలి అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని బరువుతో మూలిగే ఇంజన్ వేగమూ ఇవ్వదు, ఆయిలూ మిగల్చదు. రెండో పంకాకు డబ్బు ఎక్కడిదన్నది మరో ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్న. అందుకే భారమంతా మత్స్యకారుడి మీద వేయడం తగదు.

ఇంజన్ అమ్మే దుకాణాల వారు పడవ కొలత, బరువు అడిగి పంకా ఇవ్వాలి. సరిపోకపోతే మచ్చ పడకుండా తిరిగి తెచ్చిన పంకాను మార్చి ఇవ్వాలి. రాయితీపై ఇంజన్లు ఇచ్చినప్పుడు మత్స్యశాఖ అధికారులు ఇంజన్‌తో తమ బాధ్యత తీరిందనుకోరాదు. రేవులో నిండు బరువుతో ఒకసారి పరీక్షించి, తగిన పంకా బిగించి అప్పగించాలి. గ్రామ మత్స్యకార సంఘాలు కూడా చందా వేసుకుని ఒక టాకోమీటరు, మూడు పిచ్‌ల పంకాలు ఉంచుకుంటే ఊరందరూ వంతులవారీగా సరిచూసుకోవచ్చు. ఊరికి ఒక్క మీటరు చాలు.

బావగారి అప్పు ఇంకా తీరలేదు. కాని ఇప్పుడు ఆయన తెప్ప కెరటాల దగ్గరకు వచ్చినప్పుడు మా అక్క ఒడ్డున నిలబడి ఇంజన్ శబ్దం వింటుంది. శబ్దం తెరిపిగా ఉంటే ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగిస్తుంది. ప్రతి ఇంటి ఆడపడుచుకూ ఆ పాటి నిశ్చింత కల్పించడం దుకాణదారులకు గాని, అధికారులకు గాని పెద్ద పని కాదు.