రైలు రావాలి, మన ఊళ్లో ఆగాలి



మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా 173 కిలోమీటర్ల రైలు మార్గానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అప్పటినుంచి మనలో రెండే మాటలు. "ఇక ఏజెన్సీ బాగుపడ్డట్టే" అని కొందరు, "రైలొస్తే అడవి పోతది" అని కొందరు. హాస్టల్లో ఉంటున్న మేము ఈ రెండూ ఒప్పుకోం.

రైలు వద్దనడానికి మాకు నోరు రాదు. భద్రాచలం పేరు పెట్టుకున్న స్టేషను కూడా గోదావరి అవతల, 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో ఉంది. నొప్పులొచ్చిన ఆడవాళ్లను డోలీలో మోసే ఊళ్లు మనవి. రైలు విలువ మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

కానీ మన నేల మీద రైలు వేయడం వేరు, మన కోసం వేయడం వేరు. కొత్తవలస–కిరండూల్ లైను చూడండి. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి వేశారు. అరకు, కోరాపుట్, బస్తర్ ఆదివాసీల నేల మీదుగానే పోతుంది. ఇన్నేళ్లుగా ఖనిజం బండ్లు పోతూనే ఉన్నాయి, ప్రయాణికుల బండ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2017లో అద్దాల బోగీ వచ్చింది, అదీ అరకు అందాలు చూసే టూరిస్టుల కోసం. పట్టాలు పక్కన పడితేనే పేదరికం పోయేదైతే దంతెవాడ ఎప్పుడో బాగుపడాలి కదా?

"అభివృద్ధికి అడ్డం పడుతున్నారు" అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో, పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టమే చెప్తోంది. చట్టంలో ఉన్నది అడిగితే అడ్డం పడటం ఎట్లా అవుతుంది?

మనం అడగాల్సినవి నాలుగే. సంత జరిగే ఊళ్ల దగ్గర స్టేషన్లు. మొదటి రోజు నుంచే ప్రయాణికుల బండి. పట్టా ఉన్నా లేకున్నా పోడు సాగుచేస్తున్న ప్రతి కుటుంబానికి భూమికి భూమి. పనుల్లో మన పిల్లలకు ఉద్యోగాలు. పట్టాలు పడ్డాక అడిగితే వినేవాడుండడు.

మన ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మనమే. ఆఫీసరు తెచ్చిన కాగితం చదవగలిగేదీ మనమే. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆ కాగితం మన భాషలో పెద్దోళ్లకు చదివి వినిపిద్దాం. ఈ నాలుగూ గ్రామసభ తీర్మానంలో రాయించాకే సంతకమైనా, వేలిముద్రైనా.