ఓటమిని ఎప్పుడు ఒప్పుకోవాలి?

చదరంగంలో ఆట కట్టకముందే ఓటమిని అంగీకరించడం మర్యాదగా పరిగణింపబడుతున్నది. కాని తొందరపాటు మర్యాద కాదు. 1997లో డీప్ బ్లూ యంత్రంతో రెండవ ఆటను కాస్పరోవ్ వదలుకొన్నారు. ఆ స్థితిలో వరుస షాలతో డ్రాకు దారి ఉన్నదని విశ్లేషకులు పిమ్మట పేర్కొన్నారు. యంత్రానికి భయమూ లేదు, సిగ్గూ లేదు. దాని లెక్క ఏ హద్దు దాటితే ఆట విరమించాలో మనిషే నిర్దేశిస్తాడు.

మరి మనిషికి హద్దు ఏది? ప్రత్యర్థి గెలుపుదారిని తుదివరకు తానే చూడగలగడం. చూడలేని విద్యార్థి ఆడవలసినదే. చూచిన పిదప సాగదీయడం వృథా. ఉమ్మడి కృష్ణా జిల్లా బిడ్డ కోనేరు హంపి 2024 ప్రపంచ మహిళల ర్యాపిడ్ పోటీలో తొలి ఆట ఓడి కూడ, 11 ఆటలలో 8.5 పాయింట్లతో విజేతగా నిలిచినారు. ఒక ఆట ముగిసినంత మాత్రాన పోటీ ముగియదు.