ముందు పరీక్ష, తర్వాతే ప్రోత్సాహకం

ఓర్వకల్లు డ్రోన్ సిటీకి 300 ఎకరాలు కేటాయించిన రాష్ట్ర ప్రభుత్వం అక్కడ తయారీతో పాటు పరీక్షలు, పరిశోధన కూడా జరుగుతాయని చెబుతోంది. పరీక్షలను తయారీకి తోకలా తగిలిస్తే మాత్రం ఒప్పుకోకూడదు. డ్రోన్ సిటీలో మొదట లేవాల్సిన కట్టడం పరీక్షా కేంద్రమే.

2025 అక్టోబర్ 16న ప్రధాని కర్నూలు వచ్చి ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక వాడలకు శంకుస్థాపన చేశారు. సరిగ్గా ఎనిమిది రోజులకు, 24 తెల్లవారుజామున, అదే జిల్లా చిన్నటేకూరు దగ్గర బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సులో 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. రోడ్డు మీద పడి ఉన్న బైకు బస్సు కిందికి చేరింది. పెట్రోలు కారి నిప్పంటుకుంది. తలుపు తెరుచుకోలేదు. అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లు బతికారు. ఇందులో ఎవరి ఊహకూ అందనిది ఒక్కటైనా ఉందా? ఒక లోపం మరో లోపాన్ని ఎలా లాక్కొస్తుందో ముందే నమూనా కట్టి చూడటం, వైర్లు కాలిపోతే తలుపు ఏమవుతుందని అడగటం ఒక శాస్త్రం. మన రోడ్ల మీద ఆ ప్రశ్న ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కాగితం దగ్గరే ఆగిపోతోంది.

ఇది మనకు చేతకాని పనేం కాదు. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ దక్షిణ మధ్య రైల్వే పట్టాల మీదే పదును తేలింది. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్లపై పరీక్షలు మొదలైతే, జాతీయ వ్యవస్థగా స్వీకరించింది 2020 జులైలో. భద్రతలో అత్యున్నతమైన నాలుగో స్థాయి ధ్రువీకరణ దానికి ఉంది. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిడ్డ మధ్య రైల్వే మంత్రి ఎక్కిన ఇంజన్, అదే పట్టా మీదున్న మరో ఇంజన్‌కు 380 మీటర్ల దూరంలో దానంతటదే ఆగింది. మరుసటి ఏడాది అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్లు ఢీకొన్నప్పుడు ఆ మార్గంలో కవచ్ లేదు. పరీక్షలో నెగ్గినదాన్ని వాడకానికి తేకపోవడం క్షమించరాని అలసత్వం.

డ్రోన్ విషయంలో భారమంతా సాఫ్ట్‌వేర్‌దే. బోయింగ్ 737 మ్యాక్స్‌లో ఒక్క సెన్సర్ తప్పు లెక్కను నమ్మిన సాఫ్ట్‌వేర్ 2018, 2019ల్లో రెండు విమానాలను కూల్చి 346 మందిని బలిగొంది. భద్రతా తనిఖీలో చాలా భాగాన్ని తయారీ కంపెనీకే వదిలేసిన ఫలితమది. పొలంపై మందు చల్లుతూ సిగ్నల్ పోతే, జీపీఎస్ దారి తప్పితే, బ్యాటరీ చటుక్కున పడిపోతే డ్రోన్ ఎటు వెళ్తుంది? దాని కింద ఉండేది కంపెనీ ఇంజనీరు కాదు. పొదుపు సంఘాలకు దేశంలోనే పేరు తెచ్చిన మండలం ఓర్వకల్లు. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామన్న కేంద్ర పథకంలో వాటిని ఎగరేయాల్సింది అలాంటి సంఘాల మహిళలే.

అందుకే పరీక్షా కేంద్రం తయారీదారుల డబ్బుకూ మాటకూ అందనంత దూరంలో ఉండాలి. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ఎగిరి చూపిస్తే చాలదు, లోపాలను కావాలని కల్పించి చూడాలి. అందులో నెగ్గని నమూనాకు ప్రభుత్వ ప్రోత్సాహకం ఒక్క రూపాయి కూడా దక్కకూడదు. ఓడిన పరీక్షల నివేదికలను కూడా బయటపెట్టాలి, అదీ డ్రోన్ ఎగరేసే మహిళ చదువుకోగలిగే తెలుగులో.