నతీజా లేని ఊరు



2022 మే నెల. ఈద్ వెళ్ళి నాలుగు రోజులైంది. శీర్ ఖుర్మా గిన్నెలు మళ్ళీ అటకెక్కాయి. శనివారం ఫజ్ర్ చదువుకుని ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే వాట్సాప్ నిండా ముబారక్‌బాద్‌లు. ఈద్‌వి కావు. లండన్‌లో టవర్ హామ్లెట్స్ అనే బరోకి లుత్ఫుర్ రహ్మాన్ మళ్ళీ మేయర్ అయ్యాడట. ఆయన పార్టీ ఆస్పైర్‌కి కౌన్సిల్‌లో 45 సీట్లకి 24 వచ్చాయట. "మాషా అల్లాహ్, లండన్‌లో మన ఝండా" అని ఒకరు. "అంగ్రేజుల గడ్డ మీద మన బాద్‌షాహీ" అని ఇంకొకరు. అన్నీ మన శ్రీకాకుళం గ్రూపులే.

మా చెల్లెలి కొడుక్కి పదకొండేళ్ళు. నా భుజం మీంచి తొంగి చూస్తూ అవన్నీ చదివాడు. చదివి, "మామూ, మరి మన వార్డు కౌన్సిలర్ ఎవరు?" అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా అఖ్బార్లలో పనిచేస్తున్నవాణ్ణి. జవాబు చెప్పడానికి నోరు రాలేదు. పేరు మర్చిపోయి కాదు. ఆ పేరుగల మనిషే లేడు.

లెక్క చూడండి. శ్రీకాకుళం పట్టణంలో చివరిసారి మున్సిపల్ ఇంతెఖాబ్ జరిగింది 2005లో. ఆ కౌన్సిల్ గడువు 2010లో తీరిపోయింది. అప్పట్నుంచి ప్రత్యేకాధికారి పాలనే. 2014లో రాష్ట్రమంతటా మున్సిపల్ ఎన్నికలు జరిగాయి, ఇక్కడ జరగలేదు. 2015 డిసెంబర్‌లో మున్సిపాలిటీని కార్పొరేషన్ చేశారు. బోర్డు మారింది, మేయర్ కుర్చీ మాత్రం ఖాళీ. 2021 మార్చి 10న మళ్ళీ రాష్ట్రమంతా ఓటేసింది. మన జిల్లాలో ఇచ్ఛాపురం, పలాస-కాశీబుగ్గ, పాలకొండ వేశాయి. జిల్లా కేంద్రం వేయలేదు. నవంబర్‌లో మిగిలినవాటిలో కొన్నింటికి జరిపారు, అప్పుడూ మనం లేం.

1987 తర్వాత పుట్టినవాళ్ళెవరూ ఈ ఊళ్ళో ఇంతవరకూ కౌన్సిలర్‌కి ఓటేయలేదు. నికాహ్ అయి, ఇద్దరు పిల్లల్ని బడికి పంపుతున్న జవాన్ కూడా తన వీధికి ఒక నుమాయిందాని ఎన్నుకుని ఎరగడు. ఈ మున్సిపాలిటీ పుట్టుక 1856 నాటిదని గొప్పగా చెప్పుకుంటాం. నూట అరవై ఏళ్ళు దాటిన సంస్థకి ఇవాళ ఎన్నికైన సభ్యుడు ఒక్కడు కూడా లేడు.

ఇక మనం జష్న్ చేసుకుంటున్న టవర్ హామ్లెట్స్ సంగతి. అక్కడి కహానీ అంతా ఇజ్జత్ కహానీ కాదు. 2014 డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వం ఆ కౌన్సిల్ మీద కమిషనర్లను పెట్టింది. 2015 ఏప్రిల్ 23న ఎన్నికల కోర్టు లుత్ఫుర్ రహ్మాన్ 2014 గెలుపునే కొట్టేసింది. అక్రమాలు జరిగాయంది. ఇమాముల మాటని అడ్డుపెట్టి ఓటర్ల మీద మజ్‌హబీ ఒత్తిడి తెచ్చారన్నది కూడా అందులో ఒక ఇల్జామ్. ఐదేళ్ళు పోటీ చేయొద్దంది. మన గ్రూపుల్లో ముబారక్‌లు పంచినవాళ్ళు ఈ ముక్క పంచలేదు.

నాకు కావలసింది ఆ తర్వాత జరిగింది. కుర్చీ ఖాళీ అయింది కదా, ఎన్నాళ్ళు ఉంచారు? అదే ఏడాది జూన్ 11న మళ్ళీ పోలింగ్ పెట్టారు. సరిగ్గా ఏడు వారాలు. కమిషనర్లు ఉన్నారు కదా, వాళ్ళే నడుపుతారులే అని ఎవరూ అనలేదు. 2018లో వేళకి ఎన్నిక, 2022లో వేళకి ఎన్నిక. ఓడినవాడు వెళ్ళాడు, గడువు తీరినవాడు తిరిగొచ్చాడు. కరోనా వచ్చినప్పుడు లండన్ మేయర్ ఎన్నికనే వాయిదా వేశారు, ఒక్క ఏడాది. అక్కడి ముసల్మాన్ గెలిచాడని కాదు, అక్కడ నతీజా అంటూ ఒకటి వచ్చిందని రష్క్ పడండి. ఏడు వారాల ఖాళీని వాళ్ళు ఓర్చుకోలేదు. 2022 నాటికే పన్నెండో ఏడు, మనం సబర్ చేస్తూనే ఉన్నాం.

సబర్ అల్లాహ్ పెట్టే ఇమ్తెహాన్‌కి. అధికారులు పెట్టే వాయిదాకి కాదు.

ఈ మాట అన్నప్పుడల్లా మనవాళ్ళు మూడు జవాబులు చెబుతారు.

మొదటిది, "కేసులున్నాయి భాయ్". నిజమే. చుట్టుపక్కల పంచాయతీల విలీనం, దాని మీద కోర్టు తగాదాలు, వార్డుల విభజన. కానీ రాజ్యాంగం 243-యు అధికరణం ఏం చెబుతోంది? కౌన్సిల్ ఆయుష్షు ఐదేళ్ళు, అది తీరకముందే ఎన్నిక జరగాలి. ముందే రద్దు చేస్తే ఆరు నెలల్లో జరగాలి. 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే ఖరాఖండీగా చెప్పింది. 2022 మే 10న మధ్యప్రదేశ్ కేసులో మళ్ళీ చెప్పింది. డీలిమిటేషన్ తేలలేదని ఎన్నిక ఆపొద్దంది, ఈ మాట అన్ని రాష్ట్రాలకీ వర్తిస్తుందంది. ఇంకేం బహానా మిగిలింది? 2010లో కాంగ్రెస్ ఉంది, 2014లో తెలుగుదేశం వచ్చింది, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ వచ్చింది. మూడు ఝండాలు మారాయి, తాళం మారలేదు. అందుకే ఏ ఒక్క పార్టీనో తిట్టి చేతులు దులుపుకోను.

రెండోది, "కౌన్సిలర్లొస్తే తినేస్తారు, అఫ్సర్లే నయం". అధికారుల్లో నేకీగా పనిచేసేవాళ్ళని నేనూ చూశాను, దుఆ ఇస్తాను. కానీ మంచి అధికారికీ బదిలీ అవుతుంది, చెడ్డ అధికారికీ బదిలీ అవుతుంది. మన చేతిలో ఏదీ లేదు. ఆస్తి విలువని బట్టి ఇంటి పన్ను వేసే కొత్త పద్ధతి 2021-22 నుంచి రాష్ట్రంలో వచ్చింది. కౌన్సిల్ ఉన్న ఊళ్ళో దాని మీద కనీసం ఒక గొడవ జరుగుతుంది, అఖ్బార్‌లో వస్తుంది. కౌన్సిల్ లేని ఊళ్ళో కౌన్సిల్ అధికారం మొత్తం ఒక్క దస్తఖత్‌లో ఉంటుంది. అధికారికి మనం దర్ఖాస్తు ఇవ్వగలం, అంతే. కౌన్సిలర్‌ని ఐదేళ్ళకి ఇంటికి పంపగలం.

"విజయనగరంలో 2021లో జరిగిందిగా, 50 డివిజన్లలో 48 ఒకే పార్టీకి పోయాయి, ఏం లాభం?" అని ఒక దోస్త్ అడిగాడు. లాభం మిగిలిన రెండిట్లో ఉంది. ఒకటి తెలుగుదేశానిది, ఒకటి ఇండిపెండెంట్‌ది. ఆ ఇద్దరికీ లేచి నిలబడి సవాల్ అడిగే వీలు దక్కింది. గంటన్నర బస్సు ప్రయాణం అవతల ఆ రెండు కుర్చీలు దక్కాయి. మనకి అవీ దక్కలేదు.

మూడో జవాబే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. "మనం ముట్టడు మంది. ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి?"

అవును, తక్కువే. ఈ జిల్లా జనాభాలో మనం నూటికి ఒకరం కూడా లేం. గుల్షనాబాద్ అని పిలిపించుకున్న ఊరు ఇది. కుతుబ్ షాహీల ఫౌజ్‌దార్ షేర్ ముహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మసీదులో ఇవాళ్టికీ జుమ్మా చదువుతున్నాం. అయినా మన ఓట్లతో ఎమ్మెల్యే గెలవడు, ఎంపీ ఓడడు. పెద్ద ఎన్నికల్లో మనం లెక్కలోకి రాం. అందుకే చిన్న ఎన్నిక మనకే అందరికంటే ఎక్కువ జరూరత్. వార్డు ఎన్నికలో నాలుగు గల్లీల మాట నతీజానే తిప్పేస్తుంది. ఖబ్రస్తాన్ గోడ, రంజాన్ నెలలో సెహ్రీ వేళ వీధి దీపం, బక్రీద్ మర్నాడు చెత్త బండి, వీటి గురించి అసెంబ్లీలో ఎవరూ మాట్లాడరు. వార్డులో మాట్లాడతారు.

ఇంకోటి. మన మున్సిపల్ చట్టాల్లో మైనారిటీలకి కో-ఆప్షన్ సభ్యత్వం ఉంది. ఓట్లు చాలకపోయినా కౌన్సిల్‌లో కూర్చుని మాట్లాడే చోటు అది. ఆ సభ్యుల్ని ఎన్నుకునేది గెలిచిన కౌన్సిల్. కౌన్సిలే లేకపోతే ఆ చోటూ లేదు. 2010 నుంచి మనం పోగొట్టుకున్నది ఓటొక్కటే కాదు, ఆ కుర్చీ కూడా. దాని కోసం ఒక్క జుమ్మా తర్వాతైనా ఒక్కరు లేచి మాట్లాడారా?

గర్వపడాలంటే లండన్ దాకా ఎందుకు? ఏలూరులో షేక్ నూర్జహాన్ 2014లో మేయర్ అయ్యారు, 2021లో మళ్ళీ అయ్యారు. అనంతపురంలో 2021లో మేయర్ అయింది మహమ్మద్ వసీం. ఎన్నిక జరిగిన ఊళ్ళలో జరిగిన సంగతులివి.

ఒక చేదు మాట కూడా చెప్పనివ్వండి. మనలో కొందరికి ఈ ఖాళీ అలవాటైపోయింది, ఎందుకంటే మన ఇళ్ళలోనూ అదే నడుస్తోంది. ఎన్ని మసీదు కమిటీల్లో ఏళ్ళ తరబడి సదర్ సాబ్ ఒక్కరే? లెక్కలు అడిగినవాణ్ణి ఫసాదీ అనలేదా మనం? దీన్‌లో షూరా పేరుతో ఒక సూరానే ఉంది, కమిటీలో షూరా లేదు. సర్కారుని అడిగే ముందు మన దహ్లీజ్ ఊడ్చుకుందాం.

తర్వాత అడుగుదాం, ఒంటరిగా కాదు. ఓటు పోయింది ముసల్మాన్‌కొక్కడికే కాదు. గుజరాతీపేట దుకాణదారుకీ, నాగావళి గట్టు మీద గుడిసెలో ఉన్నవాడికీ, అరసవల్లి అర్చకుడికీ పోయింది. వాళ్ళతో కలిసి ఒకే కాగితం మీద దస్తఖత్ పెట్టి రాష్ట్ర ఎన్నికల సంఘానికి పంపుదాం. ఓటర్ల జాబితాలో మన ఖాలాల, ఫుప్పుల పేర్లున్నాయో లేదో చూసుకుందాం. ఓటడగడానికి ఏ పార్టీ వచ్చినా గుమ్మం దగ్గరే ఒక్క సవాల్ వేద్దాం: మా ఊరి ఎన్నిక తారీఖు ఎప్పుడు?

మా మేనల్లుడికి చివరికి జవాబు చెప్పాను. "ఎవరూ లేరు బేటా" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి మీరెందుకు లండన్‌కి ముబారక్ చెబుతున్నారు?" అన్నాడు.

ఆ రోజు నేను ఏ గ్రూపులోనూ ముబారక్ పెట్టలేదు. మన ఊళ్ళో నతీజా వచ్చిన రోజు పెడతాను, ఎవరు గెలిచినా సరే.

ఖుదా హాఫిజ్.