ఇంట్లోనే బీర్.. అమెరికాలో హాబీ, నెల్లూరులో నేరం! కిట్ కొనే ముందు ఇది చదవండి

మొదట ఓ ప్లాస్టిక్ బకెట్, కాస్త ఈస్ట్. తర్వాత స్టీల్ కెటిల్. ఇంకాస్త మోజు పెరిగితే వేడిని దానంతట అదే చూసుకునే ఎలక్ట్రిక్ మిషన్. ఇంట్లో బీర్ తయారుచేసే సరదా ఇలాగే ముదురుతుంది. అమెరికాలో ఇది మామూలే. మరి అదే సామాను సర్దుకుని కావలికో, మైపాడుకో వచ్చేస్తే? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

అక్కడ ఓకే..
1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం అమెరికన్లకు ఈ వెసులుబాటు ఇచ్చింది. ఇంట్లో ఇద్దరు పెద్దలుంటే ఏడాదికి 200 గ్యాలన్ల బీర్, అంటే సుమారు 757 లీటర్లు, పన్ను కట్టకుండా చేసుకోవచ్చు. అమ్మడానికి మాత్రం లేదు.

ఇక్కడ కేసే..
మన దగ్గర 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది. దాని ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేయడమే కాదు, అందుకోసం పాత్రలు, పరికరాలు దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. ఇంట్లో పెద్ద గిన్నె ఉంటే తప్పు లేదు. దాన్ని మద్యం కోసం ఉంచితేనే తప్పు. బీర్ కిట్ విషయంలో ఆ ఉద్దేశం వేరే చెప్పక్కర్లేదు కదా! 'నేను తాగడానికే' అంటే చెల్లదు. పరికరం ఎంత పెద్దదైతే చిక్కు అంత పెద్దది.

నెల్లూరు మర్చిపోలేదు
ఈ జిల్లాకు ఇది కేవలం ఎక్సైజ్ రూల్ కాదు. 1992లో దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మార్మోగింది. 1993 ఏప్రిల్ 15 నుంచి జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో తెచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేసినా, సారాపై నిషేధం మాత్రం పోలేదు. నాటుసారాను అరికట్టడానికి 2025లో ప్రభుత్వం 'నవోదయం 2.0' కూడా మొదలుపెట్టింది.

రెండూ ఒకటేనా?
కాదు. బీర్‌ను పులియబెడితే చాలు. సారాకు బెల్లం ఊటను కాచి, ఆవిరి పట్టి దించాలి. సారాలో ప్రమాదం చాలా ఎక్కువ. కానీ లైసెన్స్ లేకపోతే చట్టం రెండింటినీ ఒకే గాటన కడుతుంది.

అలాగని చిన్న తయారీదారుకు చట్టంలో చోటే లేదా అంటే, ఉంది. కల్లుగీత కార్మికులకు సొసైటీలు, చెట్ల లైసెన్సులు ఉన్నాయి. ఇంటి బీర్‌కు మాత్రం అలాంటి దారి లేదు. దారి తెరవొచ్చు కదా అనేవాళ్ల వాదనలో న్యాయం ఉంది. కానీ ఆ ముసుగులో పెరట్లో మళ్లీ సారా బట్టీ వెలిగితే? భర్త కూలి డబ్బులు సారా కొట్టుకు పోవడం చూసిన ఇళ్లు ఈ ప్రశ్న అడగకుండా ఉండవు. రేపు రూల్స్ మార్చాలన్నా ముందు దీనికి జవాబు చెప్పాల్సిందే.

అప్పటిదాకా కార్ట్‌లో పెట్టిన కెటిల్‌ను కార్ట్‌లోనే ఉంచడం మంచిది!