ఒకే పరిమితి, రెండు జీతాలు

2024 జనవరిలో కెనడాలోని టొరంటో మేపుల్ లీఫ్స్ ఐస్ హాకీ జట్టు విలియం నైలాండర్‌తో ఎనిమిదేళ్లకు ఒప్పందం రాసుకుంది. ఏటా కోటీ 15 లక్షల డాలర్లు. ఆ వేసవిలోనే ఫ్లోరిడా పాంథర్స్ శామ్ రైన్‌హార్ట్‌ని అన్నే ఏళ్లకు, ఏటా 86 లక్షల 25 వేలకు అట్టేపెట్టుకుంది. ఆ సీజన్‌లో రైన్‌హార్ట్ 57 గోల్స్ కొట్టాడు, నైలాండర్ 40.

ఎక్కువ కొట్టినవాడు తక్కువకి ఎందుకు ఒప్పుకున్నట్టు? చేతికొచ్చేది చూడండి. టొరంటో ఉన్న అంటారియోలో ఫెడరల్, ప్రావిన్స్ పన్నులు కలిపి పై శ్లాబు 53.53 శాతం. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయ పన్నే లేదు, ఫెడరల్ పన్ను 37 శాతంతో సరి. బోనస్ వెసులుబాట్లు, బయటి ఊళ్లలో ఆడిన రోజుల పన్నులు పక్కనపెట్టి మోటుగా లెక్కేస్తే ఇద్దరికీ మిగిలేది 53, 54 లక్షలే. తేడా పడింది జట్లకు. ఫ్లోరిడాకి ఏటా 28 లక్షల పైచిలుకు మిగిలింది. ఆ సొమ్ముతో ఇంకో మంచి డిఫెన్స్ ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు.

ఎందుకంటే ఈ జట్లు ఆడే లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్లన్నిటి జీతాల ఖర్చుకీ ఒకటే పరిమితి. 2024-25లో అది 8.8 కోట్ల డాలర్లు. దీన్ని సాధించడానికే యజమానులు 2004-05 సీజన్ మొత్తాన్ని బలిచ్చారు. డబ్బున్న జట్టూ లేని జట్టూ సమానంగా పోటీపడాలన్నారు. కానీ లెక్క కట్టింది పన్నుకు ముందు జీతం మీద.

2020 నుంచి 2025 దాకా లీగ్ విజేతలకిచ్చిన ఆరు స్టాన్లీ కప్పుల్లో ఐదు టాంపా బే, వెగాస్, ఫ్లోరిడా జట్లవే. మూడూ రాష్ట్ర ఆదాయ పన్ను లేని చోట్లే. కెనడా జట్టు చివరిసారి గెలిచింది 1993లో. అలాగని పన్నే కప్పు తెచ్చిపెడుతుందని అనను. నాష్‌విల్‌లోనూ పన్ను లేదు, ఆ జట్టుకి కప్పూ లేదు. ఇదే ఫ్లోరిడాకి 1996 తర్వాత మళ్లీ ఒక ప్లేఆఫ్ సిరీస్ గెలవడానికి 2022 దాకా పట్టింది. చేతగాని యాజమాన్యాన్ని ఏ వెసులుబాటూ గట్టెక్కించదు. సమర్థులకు మాత్రం అది ఏటా ఉచితంగా దొరికే ఆటగాడు. లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్ పన్ను తేడా మీద వచ్చే ఫిర్యాదును కొట్టిపారేయడం అందుకే నాకు మింగుడుపడదు. రాష్ట్ర ఆదాయ పన్ను లేని టెక్సస్‌లో, డాలస్ స్టార్స్ సాధన చేసే ఫ్రిస్కోలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. కాలిఫోర్నియా ఆఫర్‌నీ టెక్సస్ ఆఫర్‌నీ పక్కపక్కన పెట్టి చూసుకున్న ఎవర్ని అడిగినా ఆ తేడా ఎంతో చెబుతారు.

కెనడా అభిమానుల కడుపుమంటకి ఇంకో కారణం ఉంది. 2025 ప్లేఆఫ్స్‌లో మేటి ఆటగాడిగా నిలిచిన ఫ్లోరిడా ఆటగాడు శామ్ బెన్నెట్ పుట్టింది అంటారియోలో. అతని సహచరుడు ఆరన్ ఎక్‌బ్లాడ్ కూడా అక్కడివాడే. పిల్లలు స్కేటింగ్ నేర్చుకునే మునిసిపల్ రింకులు అక్కడ నడిచేది జనం కట్టే పన్నులతోనే. ఆటగాళ్లను తయారుచేసే పన్నే, వాళ్లను సొంతగడ్డ మీద నిలుపుకోవడానికి అడ్డొస్తోంది.

పన్ను ఎక్కువున్న చోటి జట్లకు పరిమితిని ఆ మేరకు పెంచాలి. ఆటగాళ్లు ఎక్కడెక్కడో ఆడతారు, లెక్క తేలదంటారు. పైసాతో సహా తేలనక్కర్లేదు. ఏటా జట్టుకో సవరణ అంకె ప్రకటించడం లీగ్‌కి పెద్ద పనేం కాదు. 2025లో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన కొత్త ఒప్పందం 2030 దాకా నడుస్తుంది. అందులో ఈ ఊసే లేదు. తర్వాతి చర్చలకు కూర్చునేటప్పుడు కెనడా జట్ల యజమానులు దీన్నే మొదటి షరతుగా పెట్టాలి.