పార్శిల్ బండికి కరెంటు సరే, ముందు బండి నిండాలి



మాది కొమరోలు. కంది, కొర్ర, వేరుశనగ వేస్తాం. పప్పు ఆడించి, గానుగ నూనె పట్టించి పార్శిల్ కట్టి పంపుతుంటాను. పోయిన సంక్రాంతికి ముందు హైదరాబాదు నుంచి ఒకమ్మ ఫోన్ చేసింది. మా దగ్గర చాలా రోజులుగా పప్పు కొంటుంది. "అన్నా, మీ చేలో మందుల్లేవు, నమ్ముతాను. మరి ఈ అయిదు కిలోల పప్పు మా గుమ్మం దాకా రావడానికి ఎంత డీజిల్ కాలింది?" అని అడిగింది. అప్పటికి నవ్వేసి ఊరుకున్నా గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. నేల బాగుండాలి, గాలి బాగుండాలి అని చెప్పేది మనమే కదా, జవాబు కూడా మనమే చెప్పాలి.

సిటీలో ఈ పని మొదలైంది. 2025 నాటికి మన దేశంలో 10,000 కరెంటు బళ్ళు దింపుతామని అమెజాన్ 2020 జనవరిలో చెప్పింది. 2030 కల్లా తన డెలివరీ బళ్ళన్నీ కరెంటువే అవుతాయని ఫ్లిప్‌కార్ట్ అదే ఏడాది ఆగస్టులో మాటిచ్చింది. మంచిదే. కానీ అదంతా పార్శిల్ సిటీకి చేరాక సంగతి. చేను నుంచి గిద్దలూరు దాకా సంగతి ఎవరు చూస్తారు?

గిద్దలూరులో ఆర్టీసీ కార్గోలో వేస్తే, మన పెట్టె ఉన్నా లేకున్నా ఆ బస్సు ఎట్లాగూ పోతుంది. అందుకని పొగ ఎక్కువయ్యేది మొదటి మజిలీలో, చివరి మజిలీలో. మొదటి మజిలీ మన చేతిలోనే ఉంది.

లెక్క చూద్దాం. మాకు గిద్దలూరు రానుపోను నలభై కిలోమీటర్లు అనుకోండి. ఇదివరకు మేం అయిదుగురు రైతులం ఎవరి మోటార్ సైకిల్ మీద వాళ్ళం పోయేవాళ్ళం. ఒక్కో బండికి లీటరుకి కాస్త తక్కువ పెట్రోలు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అయిదు బళ్ళకి కలిపి పది కిలోలు.

ఈ ఏడాది కలిసి ఒక డీజిల్ ఆటో మాట్లాడుకున్నాం. మంగళవారం, శుక్రవారం మాత్రమే. పైన వీడియోలో సంచులు ఎక్కిస్తున్నది ఆ ఆటోలోకే. ట్రిప్పుకి లీటరున్నర పైచిలుకు డీజిల్, లీటరుకి 2.7 కిలోల లెక్కన నాలుగు కిలోల పైన. అంటే కరెంటు బండి కొనకముందే సగానికి పైగా తగ్గింది!

ఇప్పుడు కరెంటు బండి సంగతి. 2020 అక్టోబరులో వచ్చిన మహీంద్రా ట్రియో జోర్ ఆటో సుమారు 550 కిలోలు మోస్తుంది. బ్యాటరీ 7.37 యూనిట్లు. పరీక్ష లెక్క ప్రకారం 125 కిలోమీటర్లు పోవాలి గానీ, బరువుతో, మన ఎండల్లో 70-80 అనుకుంటేనే క్షేమం. ఆ లెక్కన గిద్దలూరు ట్రిప్పుకి నాలుగు యూనిట్లు. మన కరెంటు ఇంకా ఎక్కువ భాగం బొగ్గుదే. యూనిట్‌కి 0.7 కిలో వేసుకున్నా మూడు కిలోల లోపే. నాలుగు నుంచి మూడుకి వచ్చింది, అంతే. పగలు మన సోలార్ పలకలతో చార్జింగ్ పెడితే ఆ మూడూ దాదాపు పోతాయి. నల్లమల అవతల కర్నూలు సోలార్ పార్కులో 1000 మెగావాట్లు ఎండ నుంచే తీస్తున్నారు. ఎండకి మనకేం కొదవ?

నా అభిప్రాయం ఇదే. ఆచ్ఛాదన లేని నేలకి ఎన్ని డ్రమ్ముల జీవామృతం పోసినా ఏం లాభం? సగం ఖాళీగా తిరిగే బండికి కరెంటు మోటారు పెట్టినా అంతే. ముందు బండి నిండాలి, తర్వాతే మోటారు మారాలి.

డబ్బు లెక్క కూడా దాచను. డీజిల్‌కి ట్రిప్పుకి నూట యాభై పైన అవుతుంది. కరెంటుకి యూనిట్ ఏడు రూపాయలనుకున్నా ముప్పై లోపే. మిగిలేది నూట ఇరవై పైచిలుకు. వారానికి రెండు ట్రిప్పులంటే ఏడాదికి పదమూడు వేలు. దీన్ని చూసి మూడు నాలుగు లక్షలు పెట్టి ఒక్కడే బండి కొంటే అప్పే మిగుల్తుంది. వానల్లేని మన ప్రాంతంలో ఇంకో అప్పు నెత్తికెత్తుకోవద్దు.

మరి ఎట్లా? బండి రోజూ తిరగాలి. మన ఊళ్ళో ఆటో నడుపుకునే కుర్రాడే కొనుక్కుంటే మేలు. వారంలో రెండు రోజులు లోడు మాది అని రైతులు కలిసి రాసివ్వాలి. మిగతా రోజులు బత్తాయి, కూరగాయలు, దాణా, ఘనజీవామృతం సంచులు, ఏ బాడుగ దొరికితే అది. కొనేముందు సర్వీసు ఏ ఊళ్ళో ఉందో, బ్యాటరీకి ఎన్నేళ్ళ గ్యారంటీనో కాగితం మీద చూసుకోవాలి. ఇంకొకటి, వ్యవసాయానికిచ్చే ఉచిత కరెంటు మోటారుకే. దాంతో బండికి చార్జింగ్ పెట్టొద్దు. అది తప్పు.

ఇందులో నష్టం లేదని చెప్పను. వారానికి రెండు రోజులే పంపుతాం అనేసరికి నాకు ఇద్దరు కొనేవాళ్ళు పోయారు. ఇవ్వాళ ఆర్డరిస్తే రేపు కావాలంటారు. మాతో ఉన్న అయిదుగురిలో ఒకాయన ఇదే కారణంతో మళ్ళీ తన మోటార్ సైకిల్ తీశాడు. ఆయన్ని తప్పుపట్టను. ఇల్లు గడవాలి కదా.

అందుకే కొనేవాళ్ళకి కూడా ఒక మాట. కంది ఆర్నెల్లు చేలో ఉంటుంది. దానికోసం ఇంకో మూడు రోజులు ఆగలేరా? మీ తొందరకే బళ్ళు ఖాళీగా పరుగెత్తుతున్నాయి.

ఆ హైదరాబాదు అమ్మకి ఈ లెక్క మొత్తం ఫోన్లో చెప్పాను. "అయితే నెలకొకసారే తెప్పించుకుంటా, మా అపార్ట్‌మెంట్లో నలుగురివి కలిపి పంపన్నా" అంది. పోయిన శుక్రవారం వాళ్ళకి ఇరవై కిలోలు ఒకే పెట్టెలో పోయింది.

మీ ఊళ్ళో ఎవరెవరు ఏ రోజు పార్శిళ్ళు పంపుతున్నారో ఈ వారం ఒక కాగితం మీద రాసి చూడండి. కరెంటు బండి సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.